అమ్మకు సైకిల్ కావాలి

సైకిల్ ముందు చక్రం ఒకవైపు చూస్తోంది. హ్యాండిల్ ఇంకోవైపు చూస్తోంది.

శీతల్ పుస్తకాల సంచి దించకుండానే అక్కడ ఆగిపోయింది. శనివారం ఒంటిపూట బడి. ఆ రోజు తన దోస్తు అంజలితో కబుర్లు చెప్పుకుంటూ నడిచి వెళ్లింది. పొద్దున వెళ్లేటప్పుడు సైకిల్ గోడ పక్కన బాగానే నిలబడి ఉంది.

“అమ్మా, నా సైకిల్ ఎవలు ముట్టిండ్రు?”

 అరుగు మీద నాయినమ్మ వెంకటవ్వ చిక్కుడుకాయలు తుంచుతోంది. తల ఎత్తకుండానే నవ్వింది.

“ఇంకెవలు ముడుతరు? మీ అమ్మనే అడుగు.”

సరిత తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. మోచేతి మీద పసుపు అద్ది ఉంది. కొంగు లాగి కప్పుకోబోయింది కానీ శీతల్ అప్పటికే చూసేసింది.

“నేనే బిడ్డా. జర నేర్చుకుందామని తీసిన. ఇన్ని రోజులు తెల్లారంగ మీరు లేవకముందే తీస్తున్న. ఇయ్యాల నువ్వు బడికి పోయినంక తీసి కాలువ మోరి కాడ పడ్డ.”

“నీకెందుకమ్మా సైకిల్? యాడికి పోతవ్?”

“యాడికి పోను. ఊకెనే.”

శీతల్‌కు ఆ జవాబు వింతగా అనిపించింది. అమ్మ ఊకెనే ఏ పనీ చేయదు. తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చి పేడనీళ్ల సాంపి చల్లుతుంది. నాన్న దేవయ్య గోదావరి నుంచి చేపలు తెస్తే, పెద్దవీ చిన్నవీ వేరుచేసి బుట్టల్లో సర్దుతుంది. మహారాష్ట్ర అంచున ఉన్న వాళ్ల ఊరి నుంచి నాన్న వాటిని బండి మీద సిరోంచ బజారుకు తీసుకెళ్లి అమ్ముతాడు. తర్వాత నాయినమ్మ మోకాళ్లకు వేడినీళ్లు. తర్వాత వంట. తర్వాత పొలం. అమ్మ ఊకెనే కూర్చోవడం కూడా శీతల్ ఎప్పుడూ చూడలేదు.

సరిత ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య గట్టిగా పట్టుకుంది. హ్యాండిల్‌ను తిప్పి సరిచేసింది.

“సాయంత్రం జర ఎన్క నుంచి పట్టుకుంటవా? ఒక్కదాన్నే అయితే ఎక్కుడు కష్టమైతాంది” అని అడిగింది.

అమ్మ తనను ఏదైనా అడగడం తక్కువ. శీతల్ సరేనంది.

*

సాయంత్రం బడి ముందు మైదానంలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. సరిత చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని సైకిల్ ఎక్కింది. శీతల్ వెనక సీటు పట్టుకుంది.

“వదలకు బిడ్డా.”

“వదలలే. ముంగటికి చూడు.”

సైకిల్ అటు ఊగింది, ఇటు ఊగింది. మేస్తున్న మేకలు దారి ఇచ్చి పరుగెత్తాయి. సరిత కాలు నేలకు ఆనించి ఆగింది. మళ్లీ ఎక్కింది.

శీతల్ తరగతిలోనే చదివే అజయ్‌కుమార్ ఎవరి నడకనైనా చూసి అలాగే నడుస్తాడు. బ్యాట్ కింద పడేసి వాళ్ల వెనకే వచ్చాడు. లేని హ్యాండిల్‌ను రెండు చేతులతో పట్టుకుని, నడుము అటూ ఇటూ ఊపుతూ, సరిత గొంతుతో “వదలకు బిడ్డా, వదలకు” అన్నాడు.

పిల్లలంతా పడీపడీ నవ్వారు. అంజలి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సరిత వెనక్కి తిరిగి చూసింది. “మంచిగ చేస్తున్నవ్‌రా” అని తనూ నవ్వింది. మళ్లీ పెడల్ మీద కాలు పెట్టింది.

శీతల్ చెవులు మాత్రం వేడెక్కిపోయాయి. నేలలోకి దిగిపోతే బాగుండు అనిపించింది.

“అమ్మా, ఇగ ఇంటికి పోదాం. నాకు హోంవర్క్ ఉన్నది” అంది.

ఇంటికి వచ్చాక శీతల్ సైకిల్‌కు తాళం వేసింది. తాళంచెవి తలుపు పక్కన మేకుకు తగిలించడం అలవాటు. ఆ రోజు చెయ్యి మేకు దాకా వెళ్లి ఆగింది. నాలుగు రోజులు కనిపించకపోతే అమ్మే మర్చిపోతుంది అనుకుంది. తాళంచెవిని తన కంపాస్ పెట్టెలో, రబ్బరు కింద పెట్టి మూత వేసింది.

*

“శీతల్, తాళంచెవి మేకుకు లేదేంది?”

ఆదివారం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. శీతల్ దుప్పటి తీయకుండానే జవాబు చెప్పింది.

“నాకెర్క లేదు. నిన్న తాళమేసి నీ చేతికే ఇచ్చిన కదా.”

సరిత ఖాళీ మేకును మళ్లీ తడిమి చూసింది.

“ఇచ్చినవా? నాకు యాదికి లేదు బిడ్డా. యాడ పడేసిన్నో ఏమో.”

అమ్మ శీతల్ మాటను నమ్మింది. తన జ్ఞాపకాన్ని నమ్మలేదు.

శీతల్ దుప్పటి మీదికి లాక్కుంది. కానీ నిద్ర పట్టలేదు.

ఆ రోజంతా సరిత పనులు చేస్తూనే తాళంచెవి వెతికింది. వాకిలి ఊడ్చి, ఆ చెత్తను వేళ్లతో కెలికి చూసింది. పొయ్యిలో బూడిద జల్లెడ పట్టింది. నాన్న చేపలు తెచ్చాడు. వాటిని సర్దేసి కోళ్లగూడు కింద చెయ్యి పెట్టి తడిమింది. నాయినమ్మకు వేడినీళ్లు ఇచ్చి, ఆమె మంచం జరిపి చూసింది. దుప్పట్లు నానబెట్టే ముందు ఒక్కొక్కటీ దులిపింది.

శీతల్ మరాఠీ పుస్తకం ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఒక్క పేజీ కూడా తిప్పలేదు. అమ్మ ఎటు వెళ్తే అటే చూస్తోంది. అమ్మకు రోజూ ఇన్ని పనులుంటాయని ఆమెకు తెలుసు. కానీ పొద్దుటి నుంచి ఇలా కూర్చుని చూడడం ఇదే మొదటిసారి. మధ్యాహ్నం అందరూ తిన్నాక అమ్మ గిన్నెలో మిగిలిన అన్నం నిలబడే తిన్నది. తింటూ కూడా కిటికీ గూట్లో వెతికింది.

“నిన్న మైదానంల పడ్డదేమో. పోయి చూసొద్దాం, పా” అంది.

మైదానంలో ఒక పక్క మోకాళ్ల దాకా గడ్డి పెరిగి ఉంది. సరిత వంగి చేత్తో గడ్డి పాయలు తీస్తూ వెతకసాగింది. శీతల్ కూడా వంగింది. లేని తాళంచెవి కోసం వెతకడం చాలా కష్టంగా ఉంది.

అజయ్‌కుమార్ ఆట ఆపి వచ్చాడు.

“అత్తా, ఏం దేవులాడుతున్నవ్?”

“సైకిల్ తాళంచెవిరా. నిన్న ఈడ్నే పోగొట్టిన.”

అజయ్ వెనక్కి తిరిగి ఈల వేశాడు. క్రికెట్ ఆడేవాళ్లంతా వచ్చారు. అంజలి కూడా వచ్చింది. అజయ్ అందరినీ ఒక వరసలో నిలబెట్టాడు. ఒక చివర నుంచి రెండో చివర దాకా గడ్డిలో వంగి వెతుక్కుంటూ వెళ్లమన్నాడు. పల్లేరుకాయలు గుచ్చుకుంటున్నా ఎవరూ ఆగలేదు.

“దొరికింది” అని అంజలి కేక వేసింది.

సరిత పరుగెత్తింది. ఆమె ముఖం వెలిగిపోయింది. చూస్తే అది సోడాసీసా మూత. అంజలి నాలుక కరుచుకుంది.

“ఏం కాదు బిడ్డా. ఎండకు గట్లనే మెరుస్తది” అంది సరిత.

 శీతల్ ఇప్పుడే చెప్పేద్దామనుకుంది. కానీ ఇంతమంది ముందు నోరు రాలేదు. ఇంటికి వెళ్లి చెప్తా అనుకుంది.

పొద్దు వాలింది. సరిత నడుము మీద చెయ్యి వేసుకుని లేచి నిలబడింది.

“ఇగ చాలు బిడ్డా. మీ చేతులు చూడుండ్రి, ఎట్లయినయో. నా కోసం ఇంతమంది దేవులాడిండ్రు. గదే నాకు సంతోషం.”

అందరినీ ఇంటికి పిలిచింది. దోసిళ్లు పట్టమని, వేయించిన పల్లీలు పోసింది. అజయ్ దోసిలిలో ఇంకొన్ని వేసింది. శీతల్ దోసిలి పట్టలేదు.

*

దీపం పెట్టే వేళకు దేవయ్య వచ్చాడు. సరిత పొయ్యి ముందు కూర్చుని చేపముక్కలు వేయిస్తోంది. అతను కాళ్లు కడుక్కుని కూర్చోగానే తనే మాట కదిపింది.

“సైకిల్ తాళంచెవి నేను పోగొట్టిన. పోరిని ఏమనకు.”

“దానికేం పరేషాన్? పాత తాళం పలగ్గొడుదాం. రేపు సిరోంచల కొత్తది తెస్త.” దేవయ్య గోడకు ఆనుకున్నాడు. “గని నీకు సైకిల్ మీద మనసెట్ల వడ్డది?”

శీతల్ పక్క గదిలో ఉంది. తలుపు ఓరగా తెరిచి ఉంది. అమ్మ ఏమంటుందో విందామని కదలకుండా కూర్చుంది.

“చిన్నప్పుడు మా అన్నకు సైకిలుండె. ఎన్కెన్క ఉరుకుడే గని నన్ను ఎక్కనియ్యలె” అంది సరిత. “మొన్న తెల్లారంగ మోరి దాక ఎట్లనో ఒక్కదాన్నే పోయిన. గాలి ముఖానికి సల్లగ తాకింది. పొద్దున లేస్తే ఒకరికి చాయ్, ఒకరికి నీళ్లు, ఒకరికి అన్నం. మీకు చేసుడు నాకు బరువని కాదు. గని సైకిల్ మీద ఉన్నంతసేపు నన్ను ఎవ్వలు ఏమడుగలె. మంచిగనిపిచ్చింది.”

పెనంలో చేపముక్క తిప్పింది.

“ఇగ అయిపాయె. పోరి సైకిల్ పోరికే ఉండనీ. నేను ముట్ట.”

 దేవయ్య రోజూ కూర్చున్న చోటి నుంచే మంచినీళ్లు అడుగుతాడు. ఆ రోజు లేచి వెళ్లి కుండలో తనే ముంచుకున్నాడు.

శీతల్ కంపాస్ పెట్టె తెరిచింది. తాళంచెవి చేతిలోకి తీసుకుంది. వంటింట్లోకి వెళ్లి అమ్మ పక్కన నేల మీద పెట్టింది.

“నీ చేతికి ఇయ్యలే అమ్మా. నేనే దాచిన. అబద్ధం చెప్పిన.”

సరిత తాళంచెవిని చూసింది. తర్వాత శీతల్‌ను చూసింది. వంటింటి మూలన కూర్చున్న నాయినమ్మ జపమాల తిప్పడం ఆపింది. 

“పొద్దటి సంది నేను దేవులాడుతుంటె చూసినవ్ కదా.”

“చూసిన.”

“ఆ పిల్లలు ముళ్లల్ల చేతులు పెడుతుంటె గూడ చూసినవ్.”

“చూసిన.”

“మరెందుకు బిడ్డా?”

“అజయ్ నీ తీరు చేసి చూపెట్టిండు. అందరు నవ్విండ్రు. నాకు సిగ్గయింది.”

సరిత పెనం దించి పక్కన పెట్టింది.

“నాకు సిగ్గు కాలేదనుకున్నవా? గింత పెద్దదాన్ని, పిల్లల ముంగట పడుడాయె, లేసుడాయె. అయినా మల్ల ఎక్కిన. ఎన్క నువ్వు పట్టుకున్నవని ధైర్యముండె.”

శీతల్ ఏడ్చేసింది. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. దగ్గరకు కూడా తీసుకోలేదు. అన్నం పెట్టింది. చేపముక్క తీసుకుని ఎప్పటిలాగే ముళ్లు ఏరి శీతల్ పళ్లెంలో వేసింది.

“తిను. చల్లారుతది.”

తాళంచెవి నేల మీదే ఉండిపోయింది. చివరికి నాయినమ్మే దాన్ని తీసి మేకుకు తగిలించింది.

*

సోమవారం తెల్లవారుజామున శీతల్ తొందరగా లేచింది. అమ్మ సైకిల్ తీసి ఉంటుందని బయటికి వచ్చి చూసింది. సైకిల్ గోడ పక్కనే ఉంది. అమ్మ వాకిలి ఊడుస్తోంది. సైకిల్ దగ్గరకు వచ్చినప్పుడు దాని చుట్టూ ఊడ్చింది కానీ దాన్ని ముట్టుకోలేదు.

బడిలో ప్రార్థన అయిపోగానే అజయ్ అడిగాడు.

“తాళంచెవి దొరికిందా?”

దొరికింది అని ఒక్క మాట అంటే సరిపోతుంది. ఎవరూ ఇంకేమీ అడగరు. అయినా శీతల్ తల ఎత్తింది.

“పోనేలేదు. నేనే దాచిన. మీతోని ఉత్తగనే దేవులాడిచ్చిన.”

అంజలి మూతి ముడుచుకుని దూరంగా వెళ్లి కూర్చుంది. మిగతావాళ్లు కోపంగా చూశారు. అజయ్ తన బొటనవేలు చూపించాడు.

“గీ ముల్లు ఇంక ఎల్లలే. ఎందుకు దాచినవ్?”

శీతల్ చెప్పింది. అంతా విన్నాక అజయ్ బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు. 

“మీ అమ్మకు నా మీద కోపమొచ్చిందా?”

“రాలే. మంచిగ చేస్తున్నవనే అన్నది కదా.”

అజయ్ తల గోక్కున్నాడు. “సాయంత్రం అత్తను తోల్కరా. మేం జర పక్కకు ఆడుకుంటం.”

మధ్యాహ్నం అన్నాల దగ్గర అంజలి మెల్లగా వచ్చి శీతల్ పక్కన కూర్చుంది.

ఆ సాయంత్రం శీతల్ బడి నుంచి వచ్చి సంచి దించింది. సైకిల్ తాళం తీసింది.

“అమ్మా, పోదాం పా.”

“పని ఉన్నది బిడ్డా.”

“నాకెర్కనే.”

శీతల్ పైజామా మడుచుకుని అంట్ల ముందు కూర్చుంది. గిన్నెలు తోమింది. బోరింగ్ దగ్గర అంజలిని సాయం పిలుచుకుని నీళ్లు మోసింది. సరిత కాసేపు చూస్తూ నిలబడింది. తర్వాత చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది.

మైదానంలో పిల్లలు వికెట్లు పీకి ఒక మూలకు జరిగారు. సరిత సైకిల్ ఎక్కింది. శీతల్ వెనక సీటు రెండు చేతులతో పట్టుకుంది. దారిలో పోయేవాళ్లు ఆగి చూశారు. ఎవరో నవ్వారు కూడా. శీతల్ సీటు వదల్లేదు. అజయ్ ముందు పరుగెత్తుతూ మేకలను పక్కకు తోలాడు.

“వదలకు బిడ్డా.”

“వదల. నువ్వు తొక్కు.”

అలా చాలా సాయంత్రాలు గడిచాయి. అమ్మ మోచేతి గాయం మానింది. ఇంకోటి మోకాలి మీద అయింది. అదీ మానింది. శీతల్ పరుగెత్తి పరుగెత్తి ఆయాసపడేది.

ఒక చలి పొద్దున ఇద్దరూ పొలాల మధ్య రోడ్డు మీదికి వచ్చారు. వరి కోతలు అయిపోయి మళ్లలో కొయ్యకాళ్లు మాత్రమే ఉన్నాయి. గోదావరి వైపు నుంచి పొగమంచు వస్తోంది. కొంత దూరం వెళ్లాక అమ్మ ముందుకే చూస్తూ అంది.

“ఇగ వదులు.”

శీతల్ వదిలేసింది.

సైకిల్ ఒకసారి ఊగింది. తర్వాత నిలకడగా సాగిపోయింది. అమ్మ కొంగు గాలికి ఎగురుతోంది. శీతల్ కొంత దూరం వెంట పరుగెత్తింది. అమ్మ వెనక్కి చూడలేదు. శీతల్ ఆగి, సైకిల్ మంచులో కలిసిపోయేదాకా చూసింది. గుండె నిండుగా అనిపించింది. తర్వాత తిరిగి ఇంటివైపు గబగబా నడిచింది.

“సరితా, చాయ్ అయిందా?” నాయినమ్మ మంచం మీద నుంచి పిలుస్తోంది.

“అమ్మ ఇంక రాలే నాయినమ్మా. నేను పెడుత.”

చాయ్‌లో అల్లం దంచి వేసింది. నాయినమ్మకు ఇచ్చింది. మోకాళ్లకు వేడినీళ్లు పెట్టింది. కోళ్లగూడు తలుపు తీసింది. అంతలో నాన్న వచ్చి చేపల బుట్ట దించాడు. సరిత కోసం ఇంట్లోకి తొంగిచూశాడు.

“సైకిల్ మీద పోయింది బాపూ” అంది శీతల్.

దేవయ్య తల ఊపాడు. బుట్ట ముందు గొంతుక్కూర్చుని చేపలు వేరు చేయడం మొదలుపెట్టాడు. శీతల్ కూడా కూర్చుంది. ఒక చేపను పెద్దవాటిలో వేయాలా చిన్నవాటిలో వేయాలా అని ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు.

సరిత వచ్చేసరికి ఎండ వాకిట్లో పడింది. జుట్టు రేగిపోయి ఉంది. బుగ్గలు చలికి ఎర్రబడ్డాయి. సైకిల్ దిగీ దిగగానే కొంగు నడుముకు చుట్టుకుంది.

“ఆల్సమైంది. చాయ్ పెట్టలే, చేపలు...” అంటూ వచ్చి ఆగిపోయింది.

బుట్టలు సర్ది ఉన్నాయి. కోళ్లు వాకిట్లో తిరుగుతున్నాయి. నాయినమ్మ వేడినీళ్లలో గుడ్డ ముంచి మోకాళ్లకు కాపడం పెట్టుకుంటోంది. సరితకు ముందు ఏ పని పట్టుకోవాలో తెలియలేదు. ఆ తొందరంతా పోయి, అరుగు మీద మెల్లగా కూర్చుంది.

శీతల్ చాయ్ గ్లాసు తెచ్చి ఆమె చేతికిచ్చింది.

“ఇది తాగి ఇంకో రౌండ్ పోయిరా అమ్మా. అన్నం నేను వండుత.”

సరిత చాయ్ ఊదుకుంటూ చివరి చుక్క దాకా తాగింది. ఖాళీ గ్లాసు శీతల్‌కు ఇచ్చి, ఆమె తల మీద చెయ్యి వేసింది. తర్వాత సైకిల్ తిప్పుకుని మళ్లీ ఎక్కింది.